డబ్లినా, ఐండ్‌హోవెనా, మ్యూనికా? రీసెర్చ్ సెంటర్ ఆఫర్ చదివే పద్ధతి

సందేహం: నిట్ వరంగల్‌లో ఎంటెక్ చేసి, హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీ రీసెర్చ్ సెంటర్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. వయసు 28. మా కంపెనీ ఐర్లాండ్‌లోని డబ్లిన్ పంపిస్తామంటోంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో వేరే కంపెనీ ఆఫర్ ఇచ్చింది. మ్యూనిక్‌లో కూడా ఒకచోట ఖాయమయ్యేలా ఉంది. అక్కడి ప్రభుత్వాలు ఇలాంటి సెంటర్లకు చాలా రాయితీలు ఇస్తున్నాయంటున్నారు. అందులో మాకు వచ్చేదేమైనా ఉందా? – హనుమకొండ నుంచి

జవాబు: ఉంది, కానీ అడిగినవాళ్లకే, అదీ గడువు లోపల అడిగినవాళ్లకే. దసరాకు కొత్తల్లుణ్ణి పిలుచుకున్నట్టు ఈ దేశాలు కంపెనీలను పిలుచుకుంటున్నాయి. ఆ పెట్టుపోతల్లో పెద్ద వాటా కంపెనీదే. మీ వాటా వేరే కాగితాల మీద, వేరే షరతులతో ఉంటుంది. జీతం అంకె చూసేముందు ఈ రెండింటినీ విడదీసుకోవాలి.

కంపెనీ వాటా ముందు. పరిశోధన మీద పెట్టిన ఖర్చులో ఐర్లాండ్ 25 శాతం పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, ఇచ్చేది. 2024లో దాన్ని 30 చేసింది, 2026 నుంచి 35. నెదర్లాండ్స్‌లో డబ్ల్యూబీఎస్ఓ అనే పథకం 1994 నుంచి నడుస్తోంది. 2025 లెక్కన మొదటి 3,80,000 యూరోల పరిశోధన ఖర్చు మీద 36 శాతం, ఆపైన 16 శాతం ఉద్యోగుల జీతపు పన్నులో తగ్గిస్తారు. ఆ పరిశోధన నుంచి వచ్చిన లాభం మీద 9 శాతమే పన్ను, మామూలు లాభం మీదైతే 25.8. జర్మనీ ఈ పోటీలోకి ఆలస్యంగా, 2020లో దిగింది. అక్కడ 25 శాతం.

వీటిలో ఒక్క యూరో కూడా మీ పే స్లిప్‌లోకి రాదు. అయినా మీ కొలువు ఎంత గట్టిదో తెలిసేది ఇక్కడే. ఒకప్పుడు పేటెంట్ తక్కువ పన్ను దేశంలో పెట్టి, మనుషులను ఇంకోచోట కూర్చోబెట్టినా నడిచేది. 2015లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ కొత్త నియమం తెచ్చింది: పరిశోధన ఎక్కడ జరిగితే, ఆ మేరకే అక్కడ పేటెంట్ లాభానికి తక్కువ పన్ను. అప్పటినుంచి మనిషి అక్కడే ఉండి పనిచేయడం కంపెనీకి అవసరమైంది. ఆ తర్వాత 75 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన గ్రూపులకు కనీసం 15 శాతం పన్ను ఉండాలన్న నియమం యూరప్‌లో 2024 నుంచి అమలైంది. దాంతో తక్కువ పన్ను రేటు పాత ఎరలా పనిచేయడం లేదు, చేతికి నగదుగా తిరిగొచ్చే క్రెడిట్‌కే విలువ పెరిగింది. ఐర్లాండ్ తన క్రెడిట్‌ను మూడేళ్ల వాయిదాల్లో చెల్లించేలా మార్చుకున్నది అందుకే. కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: ఇక్కడ పుట్టిన పేటెంట్లు ఈ దేశంలోని కంపెనీ పేరు మీదే ఉంటాయా? ల్యాబ్, క్లీన్‌రూమ్ సొంతమా? దగ్గరి యూనివర్సిటీతో ఒప్పందాలున్నాయా? పేటెంటూ ల్యాబూ అక్కడే ఉంటే సెంటర్ లేచిపోవడం కష్టం. అద్దె అంతస్తులో ల్యాప్‌టాప్‌లతో నడిచే సెంటర్, రాయితీ మారితే ఏడాదిలో ఇంకో దేశానికి మారొచ్చు.

ఇక మీ వాటా. ముగ్గురిలో ఎక్కువ ఇచ్చేది నెదర్లాండ్సే, ఎక్కువమంది పోగొట్టుకునేదీ అక్కడే. ముప్పై శాతం రూలింగ్ అంటారు. ఐదేళ్లపాటు జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా ఇవ్వొచ్చు. 2027 నుంచి అది 27 శాతమవుతుంది. దరఖాస్తు మీరూ కంపెనీ కలిసి పన్ను శాఖకు పెట్టాలి. చేరిన రోజు నుంచి నాలుగు నెలల్లో పెడితే మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది. దాటితే, దరఖాస్తు పెట్టిన మరుసటి నెల నుంచే. పోయిన నెలలు తిరిగి రావు. హెచ్ఆర్ చూసుకుంటుందని ఊరుకోకండి, రెండో నెలలోనే దరఖాస్తు నకలు చేతిలో ఉండాలి.

షరతుల్లో మనవాళ్లు తప్పేవి ఇవి. చేరడానికి ముందటి 24 నెలల్లో 16 నెలలకు పైగా నెదర్లాండ్స్ సరిహద్దుకు 150 కిలోమీటర్ల అవతల ఉండి ఉండాలి. అందుకే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో మాస్టర్స్ చేసి అక్కడే ఉద్యోగం వెతుక్కున్నవాళ్లకు రాదు, సరిహద్దు పక్కనున్న జర్మన్ ఊరు ఆఖెన్‌లోనో బెల్జియంలోనో చదివి వచ్చినవాళ్లకూ మామూలుగా రాదు. పీహెచ్‌డీ అక్కడే చేసినవాళ్లకు వేరే వెసులుబాటు ఉంది. ఒప్పందం మీద సంతకం ఇండియాలో ఉండగానే చేయాలి. ముందు వచ్చేసి తర్వాత సంతకం చేస్తే, బయటి దేశం నుంచి పిలిపించినట్టు లెక్కకు రాదు.

కనీస జీతం పరిమితి 2025లో 46,660 యూరోలు, మాస్టర్స్ ఉండి 30 ఏళ్లు నిండనివారికి 35,468. ప్రతి జనవరిలో ఇది మారుతుంది. మీకు ఇప్పుడు చిన్న పరిమితి చాలు, కానీ 30 నిండిన మరుసటి నెల నుంచి పెద్ద పరిమితి లెక్కిస్తారు. పైగా ఆ అంకె పన్ను లేని భాగం తీసేశాక మిగిలే జీతానిది. మొత్తం 30 శాతం దక్కాలంటే 2025 లెక్కన ఏడాదికి సుమారు 66,660 యూరోలు ఉండాలి. 28 ఏళ్ల మీరు ఈ ఆఫర్ తీసుకుంటే, రెండేళ్లకు జీతం ఆ గీత దాటేలా ఇంక్రిమెంట్ సంగతి ఇప్పుడే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. పన్ను పడే జీతం తగ్గుతుంది కాబట్టి నిరుద్యోగ భృతి, సాధారణంగా పెన్షన్ కూడా చిన్న అంకె మీదే లెక్కగడతారని గుర్తుంచుకోండి.

ఈ రాయితీ శాశ్వతమని ఇంటి లోను తీసుకోకండి. 2023 చివర డచ్ పార్లమెంటు దీన్ని 30, 20, 10గా మెట్లమెట్లుగా కోసేసింది. కంపెనీల నుంచి ఒత్తిడి వచ్చింది, ఐండ్‌హోవెన్ దగ్గర చిప్ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ దేశం బయట పెరుగుతుందేమోనన్న భయం పట్టుకుంది. 2024 మార్చిలో ఐండ్‌హోవెన్ ప్రాంతానికి ‘బీథోవెన్’ పేరుతో 250 కోట్ల యూరోల ప్యాకేజీ ప్రకటించారు, ఆ ఏడాది చివర్లో మెట్ల కోతను తీసేసి 27 దగ్గర నిలిపారు. ఏడాది తిరక్కుండా నియమం రెండుసార్లు మారింది. నెలవారీ బడ్జెట్ ఎప్పుడూ రూలింగ్ లేని జీతం మీదే వేసుకోండి.

డబ్లిన్ సంగతి వేరు. అక్కడ సార్ప్ అనే పన్ను మినహాయింపు ఉంది. అదే గ్రూపులో బయటి దేశంలో కనీసం ఆరు నెలలు ఫుల్‌టైమ్ చేసి, కంపెనీ పంపితే వచ్చినవాళ్లకే అది. మీరు హైదరాబాద్ నుంచి అదే కంపెనీలో వెళ్తున్నారు కాబట్టి ఆ షరతు తీరినట్టే. వేరే కంపెనీలో కొత్తగా చేరేవారికి రాదు. కాని పెద్ద జీతాలకే: కనీస పరిమితి 2023లో లక్ష యూరోలు, 2026 నుంచి కొత్తవారికి 1,25,000. మీరు దిగిన 90 రోజుల్లో కంపెనీ ఐర్లాండ్ రెవెన్యూ శాఖకు ఫారం పంపాలి.

జీతం అంత లేకపోతే సార్ప్ మరిచిపోండి, పర్మిట్ రకం మీద పట్టుబట్టండి. కంపెనీ తనకు సులువని ఇంట్రా కంపెనీ ట్రాన్స్‌ఫర్ పర్మిట్ మీద పంపుతుంది. దాని మీద ఉండి వేరే కంపెనీకి మారలేరు, ఆ ఏళ్లు దీర్ఘకాల నివాసానికి లెక్కలోకి రావు. డబ్లిన్ కంపెనీతో స్థానిక ఒప్పందం, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ అడగండి. దాని మీద 21 నెలలు చేస్తే స్టాంప్ 4 అనే నివాస అనుమతికి అర్హత వస్తుంది, ఆపైన పర్మిట్ లేకుండా ఏ కంపెనీలోనైనా చేరొచ్చు. నా అభిప్రాయంలో ఇది సార్ప్ కంటే విలువైనది.

జర్మనీ జీతంలో ఇలాంటి మినహాయింపు ఇవ్వదు. కాని పరిశోధన చేసేవాళ్లకు మిగతా రెండు దేశాల్లో లేని హక్కు ఒకటుంది. 1957 నాటి ఉద్యోగుల ఆవిష్కరణల చట్టం ప్రకారం మీ ఉద్యోగంలో పుట్టిన ఆవిష్కరణను వెంటనే రాతపూర్వకంగా కంపెనీకి తెలియజేయాలి, ఈమెయిల్ చాలు. నాలుగు నెలల్లో కంపెనీ వద్దని చెప్పకపోతే అది కంపెనీ సొంతమైనట్టే. అప్పుడు జీతం కాకుండా న్యాయమైన ప్రతిఫలం మీకివ్వాలి. ఈ హక్కును వదులుకుంటున్నట్టు ముందే ఒప్పందంలో రాయించుకున్నా చెల్లదు. నెదర్లాండ్స్‌లో పరిశోధనే మీ ఉద్యోగమైతే, మామూలుగా జీతంలోనే ఆ ప్రతిఫలం కలిసి ఉన్నట్టు లెక్క. జర్మనీలో జరిగే తప్పు ఒకటే: టీమ్ మీటింగ్‌లో చెప్పి వదిలేస్తారు. తేదీ, సహ ఆవిష్కర్తల పేర్లు, ఎవరి వాటా ఎంతో రాసి పంపకపోతే ఆ తర్వాత లెక్క తేలదు. నిపుణులకిచ్చే బ్లూ కార్డ్ అనే పర్మిట్ మీద మధ్యస్థమైన బీ1 స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలకు, తొలి మెట్టు ఏ1 అయితే 27 నెలలకు శాశ్వత నివాసం దొరుకుతుంది. భాష ఇక్కడినుంచే మొదలుపెడితే ఆరు నెలలు కలిసొస్తాయి.

ఏ దేశమైనా టైమ్‌షీట్‌ను తేలిగ్గా తీసుకోకండి. కంపెనీ రాయితీ నిలబడేది దాని మీదే. డబ్ల్యూబీఎస్ఓలో ఏ రోజు ఏ ప్రాజెక్టు మీద ఎన్ని గంటలు చేశారో పది పనిదినాల్లోపు నమోదు కావాలి. నెలాఖరున ఒకేసారి నింపితే తనిఖీలో దొరుకుతుంది. మీటింగులు, కస్టమర్ సపోర్టు పరిశోధన గంటల్లో రాయమని ఎవరైనా అంటే రాయకండి.

హైదరాబాద్‌లోనే మొదలైన ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త. ఇండియాలో నివసిస్తూ చేసిన ఆవిష్కరణకు నేరుగా విదేశంలో పేటెంట్ వేయకూడదు. పేటెంట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి కావాలి, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి. తప్పితే జైలుశిక్ష వరకు ఉంది. ఎంటెక్ థీసిస్ పనిని కొత్త కంపెనీ ఒప్పందంలో ‘ముందున్న ఆవిష్కరణలు’ అనే పట్టికలో రాయించుకోండి.

కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి. డచ్ మున్సిపాలిటీలో పేరు నమోదుకు జనన ధృవీకరణ పత్రం అపోస్టిల్‌తో, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్రతో, అడుగుతారు, జర్మనీ మాత్రం ఇండియా అపోస్టిల్‌ను ఒప్పుకోదు. మన దగ్గర పాత జనన పత్రాల్లో బిడ్డ పేరు ఖాళీగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పేరు చేర్పించడానికి వరంగల్ కార్పొరేషన్‌లోనైనా, ఊళ్లో పంచాయతీలోనైనా తిరగాల్సి రావొచ్చు, వీసా తేదీ వచ్చాక మొదలుపెడితే కుదరదు.