పొడి ఇన్‌హేలర్‌ని ఎలా పీల్చాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాయనకు 66 ఏళ్లు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేశాడు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాల జబ్బు) అని చెప్పి మొదట స్ప్రే ఇన్‌హేలర్ ఇచ్చారు. ఇప్పుడు అది మార్చి, క్యాప్సూల్ వేసి పీల్చే పొడి ఇన్‌హేలర్ రాశారు. స్ప్రే అయితే గొంతులో చల్లగా తగిలేది, దీంట్లో మందు వచ్చినట్టే తెలియడం లేదంటాడు. పీల్చాక చూస్తే క్యాప్సూల్‌లో సగం పొడి అట్లే ఉంటోంది. మిషన్ మంచిది కాదా, మేము వాడటంలో తప్పుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: టెన్షన్ పడకండమ్మా, మిషన్ చెడిపోయి ఉండదు. స్ప్రే నుంచి పొడికి మారినవాళ్లలో చాలామంది దీన్ని కూడా స్ప్రే లాగే నిదానంగా పీలుస్తారు. మీ నాయనగారి విషయంలోనూ ముందుగా చూడాల్సింది అదే.

స్ప్రే డబ్బాలో ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉంటుంది, నొక్కగానే మందును అదే బయటికి తోస్తుంది. ఆ చల్లదనం మందుది కాదు, గ్యాస్‌ది. మందు అప్పటికే వేగంగా వస్తుంది కాబట్టి మనం నాలుగైదు సెకన్ల పాటు మెల్లగా లాగాలి. పొడి ఇన్‌హేలర్లో గ్యాస్ లేదు, బ్యాటరీ లేదు. క్యాప్సూల్ విరిచాక పొడిని లేపేదీ, విడగొట్టేదీ, లోపలికి తీసుకెళ్లేదీ పీల్చే ఊపిరి ఒక్కటే. అందుకే ఇక్కడ మొదటి క్షణం నుంచే గట్టిగా, వేగంగా లాగాలి. మెల్లగా మొదలుపెట్టి చివర్లో జోరు పెంచితే లాభం లేదు, ఎందుకంటే పొడిలో ఎక్కువ భాగం ఊపిరి మొదట్లోనే క్యాప్సూల్ వదిలి వెళ్లిపోతుంది.

ఇంత బలం ఎందుకు కావాలో కూడా చెప్తాను, అది తెలిస్తే మీ నాయనగారే సరిగ్గా పీలుస్తారు. ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాల దాకా మందు పోవాలంటే రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకంటే పెద్దదైతే నోట్లోనో గొంతులోనో అతుక్కుంటుంది, మరీ సన్నదైతే వదిలే ఊపిరితో తిరిగి బయటికి వచ్చేస్తుంది. (రాళ్లు కోసేచోట ఊపిరితిత్తుల్లోకి దిగిపోయే దుమ్ము కూడా ఇంచుమించు ఇదే సైజు, కంటికి కనిపించదు, ముక్కు ఆపలేదు. ఇప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్లు మాస్కు లేకుండా, నీళ్లు పోయకుండా రాయి కోయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.)

అంత మెత్తటి పొడితో ఇంకో చిక్కుంది. జల్లించిన రాగిపిండి పిడికిట్లో ముద్ద కట్టినట్టు అదీ ముద్ద కడుతుంది, క్యాప్సూల్లోంచి కదలదు. అందుకని చాలా మందుల్లో దాన్ని లాక్టోస్ అనే పాలచక్కెర పలుకులకు అంటిస్తారు. ఆ పలుకులు మందు రేణువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, కాబట్టి సులువుగా జారతాయి. గట్టిగా పీల్చినప్పుడు లోపల గాలి సుడి తిరిగి మందును పలుకుల నుంచి ఊడదీస్తుంది, లాక్టోస్ గొంతుకు తగిలి కడుపులోకి పోతుంది, మందు ముందుకు సాగుతుంది. ఊపిరి చాలకపోతే మందు లాక్టోస్‌ని పట్టుకునే ఉండి, దాంతోపాటే కడుపులోకి దిగిపోతుంది. ఇన్‌హేలర్ చేసేవాళ్ల తంటా అంతా ఈ ఊడదీయడం గురించే. 1960ల్లో స్పిన్‌హేలర్ అనే పొడి ఇన్‌హేలర్ తయారు చేసిన రోజర్ ఆల్టూన్యన్ స్వయంగా ఆస్తమా ఉన్న డాక్టరు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు నడిపినవాడు, క్యాప్సూల్‌ని తిప్పడానికి ఆయన వాడింది చిన్న ప్రొపెల్లర్. రోటాహేలర్ అనే ఇంకో పొడి ఇన్‌హేలర్లో క్యాప్సూల్ రెండు ముక్కలవుతుంది, కొన్నింటిలో సూదులు గుచ్చుతాయి. కొన్ని పీల్చేటప్పుడు బిగుతుగా అనిపిస్తాయి, అది లోపం కాదు, గాలి సుడి బాగా తిరగాలని దారి సన్నగా పెట్టారు.

ఇక చేయాల్సింది. ముందు ఊపిరంతా బయటికి వదలాలి, అయితే ఇన్‌హేలర్లోకి కాదు, పక్కకి. లోపలికి ఊదితే తేమకి పొడి ముద్ద కడుతుంది. తర్వాత పెదాలు గట్టిగా మూసి, ఒక్కసారిగా జోరుగా లాగి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి మిగిలితే అదే క్యాప్సూల్‌ని మళ్లీ పీల్చాలి. మందులో స్టెరాయిడ్ ఉంటే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. క్యాప్సూల్‌ని మింగకూడదు. ఎవరు మింగుతారు అనుకోకండి, మింగేవాళ్లున్నారు.

క్యాప్సూళ్లని వాటి సీసాలోనే ఉంచండి, మూత బిగించి. అవి ఎక్కువగా జిలాటిన్‌వి. తేమ తగిలితే మెత్తబడి సరిగ్గా విరగవు, మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో మూత లేకుండా పెడితే పెళుసెక్కి తునకలవుతాయి. తునక నోట్లోకి వచ్చినా ప్రమాదం లేదు.

ఇలా చేసినా పొడి మిగులుతుంటే పీల్చే బలమే చాలడం లేదేమో. వయసు మీద పడ్డ సీఓపీడీ వాళ్లకు ఇది మామూలే. డాక్టరు దగ్గరికి ఇన్‌హేలర్ తీసుకెళ్లి ఆయన ముందే పీల్చి చూపించండి, ఊపిరి బలం కొలిచే చిన్న పరికరాలున్నాయి. బలం లేదని తేలితే మళ్లీ స్ప్రేనే, దానికి తగిలించే స్పేసర్ అనే గొట్టంతో ఇస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు. మీ అంతట మీరు మాత్రం మందు ఆపొద్దు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే ఈ పొడితో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. పీల్చే పొడి తియ్యగా తగులుతోంది. వాడొచ్చా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వాడండి. ఆ తీపి పైన చెప్పిన లాక్టోస్‌దే. రోటాహేలర్ క్యాప్సూల్లో పాతిక మిల్లీగ్రాముల దరిదాపు ఉంటుంది, అంటే గ్రాములో నలభయ్యో వంతు, దాంతో షుగర్ పెరగదు. స్టెరాయిడ్ ఎక్కువ డోసులో పీల్చేవాళ్లకు మాత్రం కొంచెం పెరగొచ్చు కాబట్టి షుగర్ సంగతి డాక్టరుకు చెప్పండి. పాల ప్రొటీన్‌కి తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్లయితే అడగకుండా మొదలుపెట్టకండి.