నక్క మాట రాయకు

తార్నాక, హైదరాబాద్
ఆదివారం

అమ్మాయికి,

నీ ఉత్తరమూ, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి పంపిన ‘గాలిపటం’ కథా చేరాయి. పుస్తకాల పండగలో, ఎన్టీఆర్ స్టేడియంలో, ఆ దుమ్మూ తోపులాటల మధ్య నువ్వు ఆపితే సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఏమనుకోకు. ఈ మేడమ్ గీడమ్ మానెయ్. పాతికేళ్లు బడిలో టీచరమ్మ అనిపించుకున్నదాన్ని, ఆ పిలుపే బాగుంటుంది.

రెండు అడిగావు. నువ్వు పాఠం చెప్పే బస్తీ బడి లైబ్రరీకి అవార్డు స్థాయి బొమ్మల పుస్తకాలు ఏవి కొనాలి, నీ కథ ఎప్పటికైనా ఆ స్థాయికి వస్తుందా అని. నాకు రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. ముందు పుస్తకాల సంగతి చెబుతాను, నీ కథ దగ్గరికి అదే తీసుకొస్తుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ చాలా ఏళ్ల కిందట నాకు ‘రోజీస్ వాక్’ దొరికింది. ప్యాట్ హచిన్స్ అనే బ్రిటిష్ చిత్రకారిణి 1968లో చేసిన పుస్తకం. ఒక కోడిపెట్ట షికారుకు బయల్దేరి, పెరడు దాటి, చెరువు చుట్టి, గడ్డివాము ఎక్కి దిగి, వేళకి భోజనానికి ఇల్లు చేరుతుంది. మొత్తం 32 మాటలు, కలిపితే ఒకే వాక్యం. ఇందులో ఏముందని పక్కన పెట్టబోయాను. బొమ్మలు చూస్తే మొదటి నుంచీ కోడి వెనక ఒక నక్క. ఎగిరి మీద పడబోతే దంతె లేచి మూతికి తగులుతుంది, ఇంకోసారి చెరువులో పడుతుంది, ఆఖరికి తేనెటీగలు తరుముతాయి. కోడికి ఇవేమీ తెలియవు. కథ రాసినావిడకీ తెలియనట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ 32 మాటల్లో ‘నక్క’ అన్న మాటే లేదు.

దాన్ని మా రెండో తరగతికి చదివాను. ఇంగ్లిష్ పుస్తకాన్ని అప్పటికప్పుడు తెలుగులో, కరెంటు బిల్లు చదివినంత చప్పగా. “రోజీ కోడిపెట్ట షికారుకు పోయింది. పెరడు దాటింది.” రెండో వరసలోంచి ఒకడు లేచాడు. “టీచర్, ఎన్కకు సూడు, నక్క!” నాకు వినబడనట్టే పేజీ తిప్పాను. “చెరువు చుట్టూ తిరిగింది.” ఈసారి పదిమంది లేచారు. “ఏ నక్క? ఇక్కడ నక్క అని ఎక్కడా రాసి లేదే” అన్నాను. ఇంక చూడు గొడవ! ఒక పిల్ల గబగబా ముందుకొచ్చి కోడికీ నక్కకీ మధ్య పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. ఆ చెయ్యి తియ్యనంటుంది, నేనేమో పేజీ తిప్పాలి.

ఆ పిల్లకి అప్పటికి చదవడం రాదు. ఒత్తులంటే ఏడుపు. అయినా ఆ పుస్తకంలో నాకంటే తనకే ఎక్కువ తెలుసు. చదివే పెద్దవాళ్లకంటే చూసే పిల్లలకి ఒక సంగతి ఎక్కువ తెలియాలి. మంచి బొమ్మల పుస్తకమా కాదా అని నేను చూసేది ఇదొక్కటే. అవార్డు సంగతి తర్వాత. చిత్రమేమిటంటే హచిన్స్‌కి ఇంగ్లండ్‌లో పిల్లల పుస్తకాల బొమ్మలకి ఇచ్చే గ్రీనవే పతకం వచ్చింది గానీ ఈ పుస్తకానికి కాదు, 1974లో చేసిన మరో పుస్తకానికి.

ఇప్పుడు నీ కథ. మొదటి పేజీలో ఇలా రాశావు: “ఎర్రని గాలిపటం నీలాకాశంలో ఎంతో అందంగా ఎగురుతూ ఉండగా బాబు ఆనందంతో కేరింతలు కొట్టసాగాడు.” ఎరుపు చిత్రకారుడు వేస్తాడు. నీలం వేస్తాడు. ఆకాశం, ఎగరడం, కేరింతలు అన్నీ అతని పనే. నీకు మిగిలింది ఏముంది? ఏమీ లేదు, కొట్టెయ్. బాధపడకు, నేనూ ఇలాగే రాశాను. నా మొదటి బొమ్మల పుస్తకంలో “పిల్లి దిగులుగా కిటికీ పక్కన కూర్చుంది” అని ఒక వాక్యం ఉంది. బొమ్మలు వేసినాయన “దిగులు నేను వేశాను కదండీ, మళ్లీ మీరెందుకు చెప్పడం?” అన్నాడు. నా వాక్యాన్ని ముట్టుకుంటాడా అని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక క్లాసులో చదువుతుంటే, నేను ఆ వాక్యం సగంలో ఉండగానే ఒకడు చెయ్యి చాపి పేజీ తిప్పేశాడు. వాడికి దిగులు ఎప్పుడో అందింది.

అదే పుస్తకంలో ఇంకో ఘనకార్యం కూడా ఉంది. సరిగ్గా నడిమి పేజీల్లో, రెండు పేజీలూ నిండేలా పాప ముఖం పెద్దగా వేయించుకున్నాను, ముచ్చటపడి. సెంటర్ పిన్ పుస్తకం అది. అచ్చయ్యాక చూస్తే పిన్ను పోయి పోయి ముక్కు మీద దిగింది. పిల్లలకి అదే నచ్చింది. “ముక్కుపుడక పెట్టుకుంది” అని ఆ పేజీ కోసమే పుస్తకం అడిగేవాళ్లు. రాసేవాళ్లకి మడత సంగతి, పిన్ను సంగతి ఎందుకులే అనుకోకు. ప్రెస్సు వాళ్ల లెక్కలో 16 పేజీలు ఒక ఫారం. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఉండటానికి కారణం అదే, రెండు ఫారాలు. పేరు పేజీ, వివరాల పేజీ లాంటివి పోతే నీకు దక్కేవి పన్నెండో పదమూడో జంట పేజీలు. అంటే కథలో పన్నెండు సార్లు పేజీ తిరుగుతుంది. ఆ తిప్పడంలోనే ఉంది అసలు పనితనం.

ఇక్కడ మన భాష మనకి చేసిన మేలు ఒకటి ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. “తలుపు తీసి చూస్తే...” అని ఆపి చూడు. ఏ పిల్లా ఊరుకోదు. ‘తే’ దగ్గర, ‘గానే’ దగ్గర, ‘పోయి పోయి’ దగ్గర వాక్యం దానంతటదే గాల్లో వేలాడుతుంది. నువ్వేమో “గాలిపటం తెగి పక్కింటి సింటెక్స్ ట్యాంకు మీద పడింది” అని ఒక్క గుక్కలో చెప్పేశావు. దాన్ని ఇలా విరిచి చూడు. కుడి పేజీలో “తెగింది. ఎగిరి ఎగిరి, పోయి పోయి...” అంతే. పేజీ తిప్పితే ఎత్తుగా నల్లటి ట్యాంకు, దాని నెత్తిన గాలిపటం తోక. అక్కడ ఒక్క అక్షరం కూడా వద్దు. ‘పడింది’ అని పిల్లలే అంటారు. అననీ.

అన్నట్టు, గాలిపటం అన్నావు. మీ బస్తీ పిల్లలు పతంగి అంటారు కదా? సంక్రాంతికి మిద్దెలెక్కి మాంజా, చర్ఖా అంటారు, ఎదుటివాడిది తెగితే అఫా అని అరుస్తారు. కథలో బాబు మాత్రం “అయ్యో! నా గాలిపటం తెగిపోయినదే!” అంటున్నాడు. వాడు ఏ ఊరివాడు? పిల్లల నోట్లోంచి వచ్చే మాటనైనా వాళ్ల మాటగా ఉంచు. మీ క్లాసులో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారన్నావు. పతంగి అంటే అందరికీ అందుతుంది. చివర “నీతి” అని గీత గీసి రాసిన రెండు వాక్యాల గురించి నేనేమీ అనను. చెరిపేసి పంపు, చూడనట్టే ఉంటాను.

ఇలా రాయడంలో నీ తప్పేం లేదు, మనం పెరిగిన తీరు అది. 1947 జూలైలో మొదలైన చందమామ మన ఇళ్లలో తరాల్ని చదివించింది. వపా, శంకర్, చిత్రా బొమ్మల కోసం నేను అట్టలు చింపి దాచుకునేదాన్ని. కానీ అక్కడ బొమ్మ కథకి తోడు. బొమ్మ తీసేసినా కథ నిలబడుతుంది. నువ్వు రాయబోయే పుస్తకంలో బొమ్మ తీసేస్తే కథ కూలాలి. ఇదేదో పరాయి విద్య అనుకోకు. చేర్యాల నకాషీ పటం ఎప్పుడైనా దగ్గరగా చూశావా? ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా కథంతా బొమ్మల్లోనే ఉంటుంది. కథకుడు పక్కన నిలబడి చూపిస్తూ చెబుతాడు. పటం మీద ఉన్నది మళ్లీ చెప్పడు, దానికి గొంతు ఇస్తాడు.

మాటకీ బొమ్మకీ మధ్య ఆ పొత్తు బాగా తెలిసినవాడు మారిస్ సెండాక్ అనే అమెరికా రచయిత, చిత్రకారుడు. అతని ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ 1963లో వచ్చింది, మరుసటేడు అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం తెచ్చుకుంది. అల్లరి చేసి, అన్నం లేకుండా గదిలోకి పంపబడిన పిల్లవాడి కథ. మొదట బొమ్మ పేజీ మధ్యలో చిన్నగా ఉంటుంది. వాడి గదిలో అడవి మొలిచేకొద్దీ బొమ్మ పెరుగుతూ పోయి తెల్ల అంచుని మింగేస్తుంది. వింత జంతువులతో గంతులు మొదలయ్యేసరికి మూడు జంట పేజీల్లో మాటలే ఉండవు. తర్వాత మళ్లీ మాటలు వస్తాయి, బొమ్మ తగ్గుతుంది. ఆఖరి పేజీలో బొమ్మ అసలు ఉండదు. అమ్మ పెట్టిన అన్నం ఇంకా వేడిగానే ఉందని చెప్పే అయిదు ఇంగ్లిష్ మాటలు, తెల్ల కాగితం. వేడిని ఎవరు మాత్రం ఎలా వేస్తారు? అక్కడ మాట కావాలి, అందుకే అక్కడ మాట వాడాడు. దాన్ని ఎదురుగా పెట్టుకుని నీ కథలో ఏది బొమ్మకి చేతకాదో వెతుకు. వేడి, వాసన, “రేపు కూడా”, “అమ్మకి తెలియకుండా”. నీ మాటలు అవి.

ఇక జాబితా. కాల్డెకాట్ 1938 నుంచి ఇస్తున్నారు గానీ ఒకటి గమనించు, అది రాసినవాళ్లకి కాదు, బొమ్మలు వేసినవాళ్లకి. పైగా అమెరికా వాళ్లకే. అట్ట మీద ఆ పతకం బంగారు ముద్ర చూసి అన్నీ కొనకు, మన పిల్లలకి అందనివి చాలా ఉంటాయి. 2010లో ఆ పతకం వచ్చిన జెర్రీ పింక్నీ ‘ద లయన్ అండ్ ద మౌస్’ మాత్రం కొను. మన సింహం, చిట్టెలుక కథే. లోపల కథ చెప్పే వాక్యం ఒక్కటీ లేదు, అరుపులూ చప్పుళ్లూ తప్ప. అట్ట మీద పేరు కూడా లేదు, పేజీ నిండా సింహం మొహం. చదవడం రాని పిల్ల కూడా మొత్తం పుస్తకం చదివేస్తుంది, తెలుగులోనే. చెన్నై తారా బుక్స్ వాళ్ల ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ గోండు చిత్రకారులది. నల్ల కాగితం మీద చేత్తో అచ్చు వేసిన చెట్లు. 2008లో ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల సంతలో బహుమతి వచ్చింది. ఖరీదు ఎక్కువ, ఒక్క ప్రతి చాలు. అది నీ చేతిలో ఉంచుకుని చూపించు.

తెలుగులో కావాలంటే తార్నాకలో మా వీధులకి దగ్గర్లోనే ‘మంచి పుస్తకం’ అనే పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ఉంది. చెన్నై ప్రచురణ సంస్థ తూలిక వాళ్లవి తెలుగు ఇంగ్లిష్ కలిపి ఉన్నవి బాగుంటాయి. డబ్బు లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ 2015 నుంచి ఉచితంగా ఉంది. కానీ అక్కడ రాశి ఎక్కువ, నువ్వే జల్లెడ పట్టుకోవాలి. కొనే ముందు తెలుగు ప్రతిలో వరసల మధ్య ఖాళీ చూడు. పై వరస ఒత్తు కింది వరస గుడి నెత్తిన తగిలితే ఆ పుస్తకం ఎంత గొప్పదైనా రెండో తరగతికి పనికిరాదు. మన పుస్తకాలకీ బహుమతులు ఉన్నాయి. సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం 2010 నుంచి ఇస్తోంది, టాటా ట్రస్ట్స్ వాళ్ల బిగ్ లిటిల్ బుక్ అవార్డు 2016 నుంచి ఉంది. వాటి కోసం రాయడం మొదలుపెడితే మాత్రం నీ బాబు మళ్లీ “తెగిపోయినదే” అంటాడు.

కొన్నాక బీరువాలో పెట్టకు. చిరిగితే జవాబు ఎవరు చెప్పాలని మా బడిలో అయిదేళ్లు తాళం వేసి ఉంచారు. తీసేసరికి చెదలు చదివేసింది. నులక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అట్టలు కనబడేలా వేలాడదియ్యి. పిన్ను పుస్తకాలకి వీపు ఉండదు, అరలో నిలబెడితే ఏది ఏదో తెలియదు. చిరిగినవాటిని అతికించడానికి ఒక మూల జిగురు సీసా పెట్టు, పిల్లలే చేసుకుంటారు. ఇస్యూ రిజిస్టర్‌లో ఏది ఎన్నిసార్లు బయటికి పోయిందో రాసి నాకు చూపించు, నీ జాబితా వచ్చే ఏడాదికి అదే తయారవుతుంది.

నీ కథకి ముందు ఒక పని చెయ్యి. ఎ4 కాగితాలు ఎనిమిది తీసుకుని సగానికి మడిచి, మధ్యలో పిన్ను కొట్టు. 32 పేజీలు. బొమ్మలు రాకపోయినా ఫరవాలేదు, గీతలు, గుండ్రాలు వెయ్యి. మాటలు పెన్సిల్‌తో రాయి. మీ క్లాసులో చదువు, ఏ వాక్యం దగ్గర పిల్లలు నీకంటే ముందే పేజీ తిప్పారో దాని పక్కన చుక్క పెట్టు. వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను, ఆ చుక్కల పుస్తకం తీసుకురా. నడిమి పేజీలో ఎవరి ముఖమూ పెట్టకు.

నీ
టీచరమ్మ