కొత్త ఇంటికి బీమా తీసుకోబోయే అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న దీవించి రాస్తున్నది.

ఇల్లు నీ పేరున రిజిస్టర్ అయిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు మూడు బీమా కొటేషన్లు ముందు పెట్టుకుని, ప్రీమియం ఎందులో తక్కువైతే అది తీసుకుందామని చూస్తున్నావని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నీకు ఈ ఉత్తరం రాయాలని మనసు తొందరపెడుతోంది. ముప్పై ఏళ్లకు పైగా సర్వేయర్‌గా నష్టం జరిగిన ఇళ్లకు వెళ్లి అంచనాలు వేసినవాణ్ణి. కాలిన ఇళ్లు, నీళ్లు నిలిచిన ఇళ్లు, కప్పు ఎగిరిపోయిన ఇళ్లు చూశాను. నేను గడప తొక్కిన ప్రతి ఇంటికీ బీమా ఉంది. అయినా వాళ్లలో చాలామందికి తాము అనుకున్నంత డబ్బు అందలేదు. కారణం దాదాపు ఎప్పుడూ పాలసీ తీసుకున్న రోజునే పడి ఉండేది.

అందుకని ఆ కొటేషన్లు కాసేపు పక్కన పెట్టు. ఒక కాగితం తీసుకుని, ఏ నష్టం వస్తే నీ చేతి డబ్బుతో తట్టుకోగలవో, ఏది వస్తే తట్టుకోలేవో రాసుకో. కిటికీ అద్దం పగిలితే, గీజరు పాడైతే ఆ నెల కాస్త ఇబ్బంది పడతావు, అంతే. ఇల్లు సగం కాలిపోతే, నీ ప్రహరీ గోడ కూలి దారినపోయే మనిషి కాలు విరిగితే, ఏళ్ల తరబడి సంపాదన కరిగిపోతుంది. బీమా ఈ రెండో రకం నష్టాల కోసం. చిన్నవాటికి కూడా కావాలని కోరుకుంటే ప్రీమియం పెరుగుతుంది, పెద్దవాటికి పెట్టవలసిన డబ్బు అక్కడ ఖర్చయిపోతుంది. చాలా పాలసీల్లో ప్రతి క్లెయింలోనూ మొదట మనం భరించాల్సిన వాటా ఒకటి ఉంటుంది, దాన్ని డిడక్టిబుల్ అంటారు. నువ్వు తట్టుకోగలిగినంత మేరకు దాన్ని పెంచుకో. ప్రీమియం తగ్గుతుంది. అలా మిగిలినదాన్ని బీమా మొత్తం పెంచడానికి వాడు. ఒక్క సంగతి మాత్రం చూసుకో. తుఫాను, భూకంపం వంటివాటికి కొన్ని పాలసీల్లో ఈ వాటా ఫలానా మొత్తమని కాకుండా బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది. శాతం చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఇంటి మొత్తం మీద లెక్కవేస్తే గుండె జల్లుమంటుంది.

ఇక బీమా మొత్తం. నేను చూసిన తప్పుల్లో అతి పెద్దది ఇక్కడే. ఇల్లు ఎంతకు కొన్నావో అంతకు బీమా చేయించకు. నువ్వు కొన్న ధరలో స్థలం విలువ ఉంది, ఆ పేటకున్న గిరాకీ ఉంది. నేల కాలిపోదు, దానికి బీమా అక్కర్లేదు. నీకు కావలసింది, అదే ఇంటిని అదే చోట పునాది నుంచి మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందన్న లెక్క. కట్టిన వైశాల్యాన్ని ఇప్పటి నిర్మాణ ఖర్చుతో హెచ్చించు. దానికి శిథిలాలు తొలగించే ఖర్చు, ఇంజనీరు ఫీజు, మారిన నిర్మాణ నిబంధనల వల్ల అదనంగా చేయాల్సిన పనులు కలుపు. శిథిలాల ఖర్చు చాలామందికి గుర్తే రాదు. సగం కూలిన ఇంటిని పూర్తిగా కూల్చి, ఎత్తి, దూరంగా పోయించాలంటే ఎంతవుతుందో ఏదైనా కాంట్రాక్టర్‌ను అడిగి చూడు.

తక్కువకు బీమా చేస్తే ఆ తగ్గినంత మేరకే నష్టం అనుకుంటారు. అది నిజం కాదు. చాలా పాలసీల్లో యావరేజ్ క్లాజు అనే షరతు ఉంటుంది. మళ్లీ కట్టడానికి 100 కావలసిన ఇంటికి నువ్వు 60కే బీమా చేయించావనుకో. వంటగది కాలి 20 నష్టం వచ్చింది. 20 అనేది 60 కంటే తక్కువే గదా, మొత్తం వస్తుందని నీకు అనిపిస్తుంది. రాదు. నువ్వు చేయించింది 60 శాతమే కాబట్టి నష్టంలోనూ 60 శాతమే, అంటే 12 మాత్రమే ఇస్తారు. మిగిలిన 8 నీ నెత్తిన. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపిస్తుంటే మనుషుల ముఖాలు పాలిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. ఈ షరతు నీ పాలసీలో ఉందా లేదా అని తప్పకుండా అడుగు. ఉన్నా లేకపోయినా ప్రతి ఏడూ రెన్యువల్ నాడు నిర్మాణ ఖర్చు మళ్లీ లెక్కవేసుకో. గది పెంచినా, కొత్త అలమరలు పెట్టించినా ఆ మొత్తాన్ని కలిపించు. పెద్ద తుఫాను తర్వాత ఊరంతా ఒకేసారి బాగుచేయించుకుంటుంది కాబట్టి కూలి, సామగ్రి ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి. దానికి కూడా కాస్త మిగులు ఉంచుకో.

దీనికి తోడు, తరుగుదల, అంటే వస్తువు పాతబడిన కొద్దీ తగ్గే విలువ, తీసి ఇస్తారా, కొత్తదాని ఖర్చు ఇస్తారా అన్నది చూడు. తరుగుదల పద్ధతిలో 20 ఏళ్లు మన్నే కప్పు 15 ఏళ్లకు ఎగిరిపోతే, సుమారుగా దాని ఖర్చులో నాలుగో వంతే చేతికి రావచ్చు. కప్పు మాత్రం మొత్తం వేయించాల్సిందే. ప్రీమియం కొంచెం ఎక్కువైనా కొత్తదాని ఖర్చు ఇచ్చే పాలసీయే తీసుకో. ఇందులో నేను రాజీ పడమని చెప్పను. అయితే ఆ పాలసీల్లోనూ చాలాసార్లు ముందు తరుగుదల తీసిన మొత్తం ఇచ్చి, పని పూర్తయి బిల్లులు చూపించాకే మిగతాది ఇస్తారు. పని మొదలుపెట్టడానికి చేతిలో కొంత డబ్బుండాలి.

ఇప్పుడు మినహాయింపుల సంగతి. ఏజెంట్లు మొదటి పేజీ చూపిస్తారు. నువ్వు మాత్రం మినహాయింపుల పేజీ నుంచి చదవడం మొదలుపెట్టు. మంట, పిడుగు, పేలుడు, ఈదురుగాలి, దొంగతనం వంటివి సాధారణంగా పాలసీలో ఉంటాయి. వరద, భూకంపం కొన్ని దేశాల్లో మామూలు ఇంటి పాలసీలోకి రావు, విడిగా తీసుకోవాలి. నష్టం ఒకటే అయినా దానికి కారణం ఏమిటన్న దాని మీదే చెల్లింపు ఆధారపడుతుంది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందు భూకంపం వచ్చింది, ఆ తర్వాత రోజుల తరబడి నగరం తగలబడింది. చాలామందికి అగ్నికి బీమా ఉంది గాని భూకంపానికి లేదు. ఇల్లు మంటకు పోయిందా, అంతకుముందే కూలిపోయిందా అన్న దాని మీద పెద్ద వివాదాలు నడిచాయి. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తర్వాతా అంతే. ఇంటిని పాడుచేసింది గాలా, వరద నీరా అని ఎందరో కోర్టులకెక్కారు. అందుకే నీ ఇల్లున్న చోటు పల్లమా, వాగు పక్కనా, భూకంపాల ప్రాంతమా అని ముందే కనుక్కుని, ఆ ముప్పుకు పేరు పెట్టి మరీ రక్షణ అడుగు.

నీళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక ఇంట్లో సింకు కింద గొట్టం పగిలిందని క్లెయిం వస్తే వెళ్లాను. చెక్క అలమర అడుగు పలకను గోటితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగింది. వెనక గోడ మీద ఒకదాని పైన ఒకటిగా నాలుగైదు పసుపు చారలు, ఒక్కొక్కటీ ఎప్పుడో ఆరిపోయిన తడి అంచు. గొట్టం బిగింపు దగ్గర పచ్చటి చిలుము గట్టిపడి ఉంది. నెలల తరబడి చుక్కచుక్కగా కారిన నీరు అది. ఆ దంపతులు అబద్ధమాడలేదు, వాళ్ల కంట పడింది నిజంగా ఆరోజే. కాని పాలసీ అకస్మాత్తుగా జరిగిన నష్టానికే గాని నెమ్మదిగా జరిగినదానికి కాదు. నేను చూసినది చూసినట్టు రాయాల్సి వచ్చింది. ఇంటావిడ ఆ అలమర తలుపు పట్టుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. గోడలో, నేలలో కనిపించకుండా కారే నీటికి కొన్ని పాలసీలు అదనపు రక్షణ ఇస్తాయి. ఆ లీకేజీ ఎక్కడుందో కనిపెట్టడానికి తవ్వే ఖర్చు కూడా ఇస్తాయి. ఉంటే తీసుకో. చెద, చెమ్మ, తుప్పు, వాడకంతో వచ్చే అరుగుదల మాత్రం సాధారణంగా ఎవరూ ఇవ్వరు. సింకు కింద నెలకోసారి చేయి పెట్టి చూడు.

ఇంట్లో సామాన్లకు విడిగా మొత్తం రాయించు. నగలు, నగదు, ఖరీదైన కెమెరాల వంటివాటికి లోపల చిన్న పరిమితి ఉంటుంది, దాటితే ఒక్కో వస్తువు పేరు రాయించాలి. ఫోనుతో ప్రతి గదీ, ప్రతి అలమరా తెరిచి వీడియో తీసి, ఇంట్లో కాకుండా వేరే చోట దాచు. దొంగతనానికి తాళమో తలుపో పగలగొట్టిన ఆనవాలు ఉండాలని చాలా పాలసీలు అడుగుతాయి. ఇల్లు వరుసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే కొన్ని రక్షణలు ఆగిపోతాయి. ఎక్కువ రోజులు ఊరు వెళ్లేటట్టయితే ముందే తెలియజెయ్యి. ఒక గది అద్దెకిచ్చినా, ఇంట్లో ఏదైనా వ్యాపారం పెట్టినా చెప్పాలి. చెప్పకుండా దాచిన ఒక్క విషయం మొత్తం క్లెయింనే పోగొట్టగలదు.

అన్నిటికంటే ఎక్కువగా నేను బాధపడేది ఇంకొకటి ఉంది. మన ఇంటి వల్ల ఇతరులకు జరిగే నష్టం గురించి ఎవరూ ఆలోచించరు. ఒకసారి పెనుగాలి తర్వాత ఒకావిడ ఇంటి కప్పు అంచనా వేయడానికి వెళ్లాను. అదే గాలికి ఆమె మేడ మీది పిట్టగోడ అంచున పెట్టిన మట్టి కుండీ కింద నడుస్తున్న మనిషి మీద పడింది. అతను రంగులు వేసి బతికేవాడు. భుజం ఎముక విరిగి ఆరు నెలలు నిచ్చెన ఎక్కలేకపోయాడు. కప్పుకు నేను వేసిన అంచనా మొత్తం నెలలోపే ఆమె చేతికి వచ్చింది. ఆ మనిషి ఆసుపత్రి ఖర్చుకు, పోయిన ఆరు నెలల సంపాదనకు పాలసీలో ఒక్క వాక్యం కూడా లేదు. కోర్టు దాకా వెళ్లి చివరికి ఆమె ఇల్లు తాకట్టు పెట్టి కట్టింది. ఇతరులకు జరిగే నష్టానికి మన బాధ్యతను భరించే భాగాన్ని తీసుకోకపోవడం వల్ల ఆమెకు మిగిలిన ప్రీమియం చాలా చిన్న మొత్తం.

ఆ భాగంలో బీమా మొత్తాన్ని ఇంటి విలువను బట్టి నిర్ణయించకు. నీకున్న ఆస్తి, ముందు ముందు నువ్వు సంపాదించబోయేది కలిపి ఆలోచించు, ఎందుకంటే కోర్టు తీర్పు వాటినే పట్టుకుంటుంది. చాలదనిపిస్తే దానిపైన అదనపు పొరగా ఇంకో పాలసీ తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. లాయరు ఖర్చు ఆ మొత్తంలోంచే పోతుందా, విడిగా ఇస్తారా అని అడుగు. తప్పు ఎవరిదన్న దానితో పని లేకుండా అతిథుల చికిత్సకు కొంత ఇచ్చే ఏర్పాటు ఉందేమో చూడు. ఇంట్లో పనిచేసేవాళ్లకు దెబ్బ తగిలితే వర్తిస్తుందా? మీ కుక్క కరిస్తే? వీటికి కాగితం మీద జవాబు రాయించుకో. కావాలని చేసిన పనికి, నీ కుటుంబ సభ్యులకు తగిలిన దెబ్బకు, వ్యాపారం వల్ల వచ్చినదానికి ఇది సాధారణంగా వర్తించదు. ఎండిన చెట్టు వంగుతోందని పక్కింటివాళ్లు చెప్పినా కొట్టించకపోతే, అది కూలిననాడు తప్పు నీదే అవుతుంది. తెలిసి వదిలేసినదాన్ని గాలి మీదికి నెట్టలేం.

నీది ఫ్లాటు కాదు గనుక ఆ గొడవ లేదు. నీ స్నేహితురాలు ఫ్లాటు చూస్తోందన్నావు కాబట్టి ఆమెకు ఇది చెప్పు. ఫ్లాట్ల యజమానుల సంఘం తీసుకున్న పాలసీ ఎక్కడితో ఆగుతుందో, తన పాలసీ ఎక్కడ మొదలవుతుందో రాతలో తెలుసుకోవాలి. తన బాత్రూం నీరు కింది ఇంటి కప్పును పాడుచేస్తే అది బాధ్యత కిందికి వస్తుంది. ఇంకొకటి, అప్పు ఇచ్చిన బ్యాంకు చేయించే బీమా బ్యాంకు అప్పు వరకే సరిపోవచ్చు, నీ సామాన్లను, నీ బాధ్యతను అది పట్టించుకోదు. ఇల్లు బాగయ్యేదాకా వేరే చోట ఉండడానికయ్యే అద్దె వస్తుందా, వస్తే ఎన్ని నెలలు వస్తుంది అని కూడా చూడు. కాలిన ఇల్లు తిరిగి కట్టడానికి ఏడాది పట్టడం మామూలే.

దేవుడి దయ వల్ల అవసరం రాకూడదు గాని, వస్తే మొదట మనుషులు క్షేమమా అని చూడు. నీళ్లయితే వాల్వు కట్టు, కప్పయితే టార్పాలిన్ కప్పు. నష్టం పెరగకుండా చూడడం నీ బాధ్యత, ఆ ఖర్చుల రసీదులు ఉంచుకో. శుభ్రం చేయడానికి ముందే ఫోటోలు తియ్యి. పాడైన వస్తువులను సర్వేయర్ చూసేదాకా పారేయకు. ఇతరులకు దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లు, ధైర్యం చెప్పు, కాని కంపెనీకి తెలియజేయకుండా ఇంత ఇస్తానని మాట ఇవ్వకు. మాట ఇచ్చేశాక తాము కట్టమని వాళ్లు అనే అవకాశం ఉంది.

ఆ మూడు కంపెనీలనూ కొటేషను కాకుండా పూర్తి పాలసీ ప్రతి పంపమని అడుగు. మినహాయింపుల పేజీలు ఫోటో తీసి నాకు పంపు. ఇంటి ప్లాను కూడా పంపితే మళ్లీ కట్టే ఖర్చు నేను ఒకసారి లెక్కవేసి చూస్తాను. సంతకం పెట్టడం నా ఫోను వచ్చేదాకా ఆపు.

ఇట్లు
పెదనాన్న