ఒక్కరుండే ఇల్లు, అయిదుగురు కూర్చునే బల్ల

ప్రశ్న: ఒక్కదాన్నే ఉంటాను. శనివారం సాయంత్రాలు నలుగురు స్నేహితులు వస్తే బోర్డ్ గేమ్స్ ఆడుకుంటాం. ఇప్పుడు అద్దె ఇల్లు వెతుకుతున్నాను. సింగిల్ బెడ్‌రూమ్ సరిపోతుందా, డబుల్ చూసుకోవాలా?

జవాబు: బెడ్‌రూముల లెక్క కాసేపు పక్కన పెట్టండి. మీకు కావలసింది ఒకే చోట అడ్డంకుల్లేని నేల. బల్ల ఎంత ఉండాలో ముందు తేల్చుకుంటే హాలు ఎంత ఉండాలో అదే తెలుస్తుంది.

మోచేతులు తగలకుండా కూర్చోవాలంటే ఒక్కొక్కరికి బల్ల అంచు వెంట 60 సెంటీమీటర్లు కావాలి. 120 × 75 సెం.మీ. మామూలు డైనింగ్ టేబుల్ మీద టికెట్ టు రైడ్ అనే రైళ్ల ఆట పరిచారనుకోండి. దాని బోర్డు సుమారు 80 × 53 ఉంటుంది కాబట్టి పొడుగు వైపులా 11 సెం.మీ. చొప్పునే మిగులుతుంది. కార్డులు చేతిలోనే ఉంటాయి, ముందు పెట్టుకునేవి రైలు బొమ్మలే, కనుక ఇబ్బంది లేదు. అదే వింగ్‌స్పాన్ అనే పక్షుల ఆట అయితే ఒక్కొక్కరి ముందూ సొంత బోర్డు, పక్కన కార్డులు, గుడ్ల బొమ్మలు, ఇవన్నీ కాక మధ్యలో అందరికీ కలిపి ఉండేవి. అయిదుగురికి ఆ బల్ల చాలదు, 150 × 90 కావాలి.

ఇక కుర్చీలు. కూర్చుని లేవడానికి బల్ల అంచు నుంచి 75 సెం.మీ., కూర్చున్నవాళ్ల వెనక నుంచి ఇంకొకరు నడవాలంటే కనీసం 90. చిన్న బల్లకు చుట్టూ 75 వదిలితే 270 × 225 సెం.మీ. నేల పడుతుంది, అంటే దాదాపు 9 × 7.5 అడుగులు. పెద్ద బల్లకు చుట్టూ 90 వదిలితే 330 × 270, సుమారు 11 × 9 అడుగులు. ఇది ఆటకు మాత్రమే. సోఫా, టీవీ ఈ లెక్కలో లేవు. ఒకవైపు కుర్చీలు తీసేసి గోడకు ఆనించి బెంచీ వేస్తే అటు 45 నుంచి 50తో సరిపోతుంది, వెనక్కి జరపాల్సిన పని లేదు కనుక. కాకపోతే బెంచీ మధ్యలో కూర్చున్నవాళ్లు లేచిన ప్రతిసారీ పక్కవాళ్లు కూడా లేవాలి.

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు 5 మీటర్ల టేపు, పెయింటర్లు వాడే కాగితం టేపు ఒక చుట్ట తీసుకెళ్లండి. నేల మీద బల్ల ఆకారంలో కాగితం టేపు అతికించి, తలుపులన్నీ పూర్తిగా తెరిచి చూడండి. బాత్‌రూమ్ తలుపు వచ్చి కుర్చీకి తగలడం, స్తంభం కొలతను తినేయడం, ప్లగ్ పాయింటు సరిగ్గా బల్ల వెనక పడడం ప్లాన్ కాగితం మీద కనిపించవు. పోర్షన్ మొత్తం చదరపు అడుగులు ఎన్నని అడిగి లాభం లేదు, హాలు లోపలి గోడ నుంచి లోపలి గోడకు మీరే కొలవాలి. బల్ల కాళ్లు ఊడేవా కాదా అన్నదీ చూసుకోండి. కాళ్లు ఊడని బల్ల మెట్ల మలుపు తిరగకపోవచ్చు.

మా మాట అడిగితే, రెండు ఇరుకు గదుల కంటే మంచి హాలున్న సింగిల్ బెడ్‌రూమే నయం. వారానికి ఒక్కపూట వాడే గదికి నెలంతా అద్దె కట్టడం దండగ.

ప్రశ్న: డబుల్ తీసుకుని రెండో గదిలోకి ఇంకొకరిని పెట్టుకుంటే అద్దె కలిసొస్తుంది కదా?

జవాబు: ఆ మనిషి వెళ్లిపోయాక మరొకరు దొరికేదాకా, మూడు నెలలైనా సరే, మొత్తం అద్దె మీరొక్కరే కట్టగలరా? కట్టగలిగితే చూడండి. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఆ లెక్కే ముందు. ఇంకొకరిని పెట్టుకోవడానికి యజమాని రాతపూర్వక అనుమతి తప్పనిసరి. వచ్చేవాళ్లకు శనివారం సందడి పడుతుందో లేదో తాళం చెవి ఇవ్వకముందే అడగండి.

ప్రశ్న: వారం వారం మనుషులు వస్తారని ఇంటి యజమానికి ముందే చెప్పాలా? చెబితే ఇల్లు ఇవ్వరేమో.

జవాబు: చెప్పండి, అయితే అంకెలతో చెప్పండి. ‘ఫ్రెండ్స్ వస్తుంటారు’ అంటే వినేవాళ్లు పార్టీలనే అనుకుంటారు. ‘శనివారం నలుగురు వస్తారు, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు, పదింటికల్లా వెళ్లిపోతారు, పాటలు పెట్టం’ అంటే భయపడడానికి అందులో ఏమీ ఉండదు. అంతా విని కూడా వద్దన్నవాళ్ల ఇంట్లో చేరితే ప్రతి శనివారం ఆ మాటే నడుస్తుంది. ఆ ఇల్లు వదిలేయండి.

ఒప్పందంలో మాత్రం నాలుగు చోట్ల ఆగి చదవండి. అందులో ‘నివసించేవారు’ వేరు, ‘అతిథులు’ వేరు. ఈ రెండూ కలిపేసి ‘ఇతరులకు ప్రవేశం లేదు’ అని ఉంటే మార్పించండి. అతిథి వరుసగా ఎన్ని రాత్రులు ఉండవచ్చో ఉందా? నిశ్శబ్దం పాటించాల్సిన వేళలు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? గోడకు డ్రిల్ చేయవచ్చా? ఆటల పెట్టెల బరువు మోసే ఎత్తయిన అలమర గోడకు బిగించకపోతే ముందుకు పడే ప్రమాదం ఉంది. నోటిమాటగా సరేనన్నవి సంతకానికి ముందే కాగితం మీదికి రావాలి. లేకపోతే ఖాళీ చేసే రోజున డిపాజిట్‌లోంచి గోడ రంధ్రాల ఖర్చు పోతుంది.

ప్రశ్న: ఇళ్లు చూడ్డానికి ఒక్కడినే వెళ్తున్నాను. రెండో మనిషి లేకపోతే ఏం చూడకుండా వచ్చేస్తామో అని బెంగ.

జవాబు: రెండో మనిషికి బదులు రెండోసారి వెళ్లండి. ఒకటి పగటిపూట, వెలుతురు కోసం. రెండోది శనివారం రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య, ఎందుకంటే మీరు ఆడుకునేది అప్పుడే. పక్కింటి టీవీ మీకు వినిపిస్తోందంటే మీ మాటలూ అటు వినిపిస్తాయి. వచ్చినవాళ్లు బండ్లు ఎక్కడ పెడతారో కూడా ఆ వేళకే తెలుస్తుంది.

లోపల రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కి ధార తగ్గుతుందేమో చూడండి. ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే అక్కడ అరచెయ్యి ఆనించి, వాసన చూడండి. చెమ్మను రంగుతో కప్పేసి ఉండవచ్చు. ప్రతి గదిలోనూ ఫోన్ సిగ్నల్ చూడండి. ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్తున్నారో ఒకరికి మెసేజ్ పెట్టి బయల్దేరండి. ఇల్లు లోపల చూడకముందు, ఇచ్చే మనిషికి అద్దెకిచ్చే హక్కు ఉందని తేలకముందు ‘టోకెన్’ పేరుతో కూడా డబ్బు పంపొద్దు. చేరిన రోజే మీటర్ రీడింగులు, గోడల మీది గీతలు ఫొటో తీసి యజమానికి పంపి, బయటి తలుపు తాళం మార్పించుకోండి. పాత చెవులు ఎంతమంది దగ్గర ఉన్నాయో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: కింది ఫ్లాట్ వాళ్లు డైస్ చప్పుడుకి పైకి వచ్చి గొడవ పెట్టుకున్నారు. పరదాలు మందంగా వేసినా తగ్గలేదు.

జవాబు: పరదాలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి కానీ కిందికి దిగే దెబ్బను ఆపలేవు. డైస్ బల్ల మీద పడినప్పుడు పుట్టే అదురు కాళ్ల గుండా స్లాబులోకి పోతుంది. బల్ల మీద 2 నుంచి 3 మి.మీ. నియోప్రీన్ (మెత్తని రబ్బరు లాంటిది) మ్యాట్ పరచండి, డైస్‌ను గుడ్డ అతికించిన ట్రేలోనే వేయండి. ప్లాస్టిక్ డైస్ టవర్ (పైనుంచి డైస్ వేస్తే లోపల దొర్లి కింద పడే గూడు) కొనొద్దు, చప్పుడు అందులోనే ఎక్కువ. ఇంతకీ కిందివాళ్లకు డైస్ కంటే కుర్చీల రాపిడే ఎక్కువ వినపడుతుంటుంది. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ (మందపాటి మెత్తని గుడ్డ) బిళ్లలు అతికించండి, అరిగిపోతాయి కనుక మధ్యమధ్యలో మార్చండి. కింద మందపాటి కార్పెట్, దాని కింద ప్యాడ్ వేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: కొత్త ఇంట్లో ఆటల కార్డులు విల్లులా వంగిపోతున్నాయి. పెట్టెల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసినా ఫలితం లేదు.

జవాబు: అలమర బయటి గోడకు ఆనించి ఉందేమో చూడండి. గదిలో అన్నిటికంటే చల్లగా ఉండే గోడ అదే అయితే చెమ్మ అక్కడే పడుతుంది. కార్డుకు ఒకవైపు మరోవైపు కంటే ఎక్కువ తేమ తగిలితే వంగుతుంది. అలమరను లోపలి గోడకు మార్చండి, కుదరకపోతే వెనక 5 సెం.మీ. ఖాళీ వదలండి. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ అలమరలోనే పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మేలు, 60 దాటుతుంటే గాలిలో తేమ లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫయర్ అవసరం. సిలికా జెల్ గాలి చొరబడని డబ్బాలోనే పనిచేస్తుంది, అట్టపెట్టెలో వేస్తే గదిలోని తేమంతా పీల్చి ఒకటి రెండు రోజుల్లో చేతులెత్తేస్తుంది.

మామూలు చదరపు పెట్టె సుమారు 29.5 × 29.5 × 7 సెం.మీ. ఉంటుంది. 33 సెం.మీ. అర అయితే పడుకోబెట్టి నాలుగు పడతాయి, అంతకు మించి దొంతర పెడితే అడుగు పెట్టె మూత నలుగుతుంది. నిలబెట్టదలిస్తే ముందు లోపలివన్నీ జిప్ కవర్లలో వేయండి. కార్డులకు రబ్బరు బ్యాండ్లు వేయొద్దు, అంచులు కోసుకుపోతాయి, పాతబడితే కరిగి అంటుకుంటాయి. కాగితం పట్టీ చుట్టండి చాలు. ఇప్పటికే వంగిన కార్డులు తేమ తగ్గిన గదిలో, చదునైన బరువు కింద వారం రోజులుంటే చాలావరకు తిన్నగా అవుతాయి.

ప్రశ్న: నలుగురి ఆటకు అయిదో మనిషి వస్తే?

జవాబు: కటాన్, అజుల్, పాండెమిక్ మామూలు పెట్టెతో నలుగురికే. కార్కసాన్, టికెట్ టు రైడ్ అయిదుగురు ఆడవచ్చు. 7 వండర్స్ ఏడుగురిదాకా పడుతుంది, అందరూ ఒకేసారి ఎత్తు వేస్తారు కనుక మనుషులు పెరిగినా వంతు కోసం ఎదురుచూపు పెరగదు. ఆరుగురైతే కోడ్‌నేమ్స్, లేదా ముగ్గురు ముగ్గురుగా రెండు బల్లలు.