పాప ఫుల్‌స్టాప్ పెట్టట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా పాప రెండో క్లాసు, తెలుగు ఇంట్లో నేనే నేర్పిస్తున్నా. పేజీ అంతా రాస్తుంది కానీ ఒక్క ఫుల్‌స్టాప్ ఉండదు, తిట్టినా అంతే. ఏం చేయమంటారు?

జవాబు: ముందు తిట్టడం ఆపండమ్మా, మన తాళపత్రాల్లోనూ ఫుల్‌స్టాపులు, కామాలు లేవు, పద్యం చివర నిలువు గీతలు గీసేవాళ్లు అంతే, ఇవన్నీ ఇంగ్లీషు చూసి అచ్చు పుస్తకాల్లోకి వచ్చినవే. పాప రాసింది మీరు ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేయండి, మీకు ఆయాసం వస్తే తను పకపకా నవ్వుతుంది, అప్పుడు ఎర్ర పెన్సిల్ తన చేతికిచ్చి ఎక్కడ ఆగాలో చుక్క పెట్టమనండి. మీరు పెట్టొద్దు. కామా జోలికి ఇప్పుడే వెళ్లకండి, చుక్క అలవాటయ్యాక చూద్దాం. అప్పుడు ఈ రెండూ రాసి చూపించండి: ‘రవి మామయ్య వచ్చాడు.’ ‘రవి, మామయ్య వచ్చాడు.’ మొదటిదాంట్లో వచ్చింది రవి మామయ్యే, రెండోదాంట్లో రవిని పిలిచి చెప్తున్నాం, వచ్చింది ఇంకెవరో మామయ్య. ప్రశ్న గుర్తుకి మాత్రం తొందరేం లేదు, ‘వచ్చాడా’ అంటే ఆ దీర్ఘంలోనే ప్రశ్న ఉంది కదా.