ఇంటి దగ్గర లెక్కలూ చదువూ: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండో తరగతి చదువుతున్న చిన్నవాడు తీసివేతలంటేనే ఏడుపు ముఖం పెడుతున్నాడనీ, నాలుగో తరగతిలో ఉన్న అమ్మాయి పాఠం గడగడా చదివేస్తుంది గానీ ఏం చదివావని అడిగితే నీళ్లు నములుతుందనీ రాశావు. ఇద్దరికీ వర్క్‌బుక్కులు కొని రోజూ గంటసేపు కూర్చోబెట్టడం మంచి పద్ధతేనా అని అడిగావు. ప్రాథమిక తరగతులకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని గనక సూటిగానే చెబుతాను: వర్క్‌బుక్కులు ఇప్పుడే కొనవద్దు, గంటసేపు అసలే వద్దు. తరగతి నిండా పిల్లలున్న టీచరుకు ఒక్కొక్కరి బుర్రలో ఏం నడుస్తోందో కూర్చుని వినే తీరిక దొరకదు. నీకు ఇంట్లో దొరుకుతుంది. జవాబు చెప్పగానే తప్పో ఒప్పో తేల్చెయ్యకుండా, "ఎలా చేశావో చెప్పు" అని అడిగి, చెప్పేది చివరిదాకా వినడమే ఇంటి చదువులో అసలు పని. జవాబు ఒప్పయినప్పుడు కూడా అలాగే అడగాలి, లేకపోతే ఆ ప్రశ్న వినగానే ఎక్కడో తప్పు చేశామని పిల్లలు కంగారు పడతారు.

ముందు చిన్నవాడి సంగతి. వాడి నోటుపుస్తకంలో 52లోంచి 27 తీసివేస్తే 35 అని ఉందని రాశావు. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు గనక, వాడు ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేసుకున్నాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలన్నది వాడు సొంతంగా కల్పించుకున్న సూత్రం. దీనికి మరో ఇరవై లెక్కలు చేయిస్తే ఆ సూత్రమే గట్టిపడుతుంది. కాగితం పక్కన పెట్టి, ఒక గుప్పెడు పుల్లలూ నాలుగైదు రబ్బరు బ్యాండ్లూ తీసుకో. పదేసి పుల్లలు వాడి చేతే లెక్కపెట్టించి, వాడి చేతే కట్టలు కట్టించు. ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ వాడి ముందు పెట్టి, ఇరవై ఏడు పుల్లలు నీకు ఇమ్మని అడుగు. రెండు కట్టలు ఇస్తాడు, తరువాత విడి పుల్లలు రెండే ఉన్నాయని చూసి ఆగిపోతాడు. అక్కడ నువ్వు నోరు మెదపకూడదు. కాసేపటికి వాడే ఒక కట్ట విప్పుతాడు, పన్నెండు పుల్లల్లోంచి ఏడు నీకిస్తాడు, తన దగ్గర రెండు కట్టలూ ఐదు పుల్లలూ మిగిలాయని చూసుకుంటాడు. "అప్పు తెచ్చుకోవడం" అని బడిలో చెప్పేది ఈ కట్ట విప్పడమే. ఇలా కొన్ని రోజులు చేశాక, అదే పనిని పుల్లల బొమ్మలు గీసి చేయించు. ఆ తరువాతే అంకెలతో చేయించు. ఈ వరుస తప్పించి ఒకేసారి అంకెల్లోకి దూకించడం వల్లనే సగం ఏడుపులు వస్తాయని నా నమ్మకం.

కట్టలు చేతికి అలవాటైతే స్థాన విలువ కూడా వాటితోనే పట్టుబడుతుంది. "నూట అయిదు" రాయమంటే చాలామంది పిల్లలు 1005 అని రాస్తారు, ఎందుకంటే వాళ్లు విన్నది విన్నట్టుగా ముందు 100, దాని పక్కన 5 పెడతారు. 100 అని ఒక వెడల్పాటి అట్టముక్క మీద, 5 అని సన్నటి అట్టముక్క మీద రాసి, సన్నదాన్ని వెడల్పుదాని కుడి చివర ఉన్న సున్న మీద కప్పి చూపిస్తే 105 కనబడుతుంది, మధ్య సున్న ఎందుకుందో అర్థమవుతుంది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఉన్న పేర్లు పిల్లలను తికమక పెడతాయి. "ఇరవై ఒకటి"లో ఇరవై, ఒకటి విడివిడిగా వినిపించినట్టు "పన్నెండు"లో పది, రెండు వినిపించవు. అందుకని ఆ తొమ్మిదింటినీ ఒక కట్ట, దాని పక్కన విడి పుల్లలుగా మళ్లీ మళ్లీ చూపించు.

పాము నిచ్చెనల ఆట ఇంట్లో ఉంటే దానికి మించిన లెక్కల సాధనం లేదు, కాకపోతే గవ్వను జరిపే పద్ధతి మార్చాలి. 23 గడిలో ఉన్నవాడికి నాలుగు పడితే, పిల్లలు సాధారణంగా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతారు. అలా కాక, తాము అడుగుపెట్టే గడిలో ఉన్న సంఖ్యనే పైకి అనాలి: "ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు." వరుసగా అంకెలు వేసిన గడుల మీద ఇలా ఆడిన చిన్నపిల్లలకు ఏ సంఖ్య ఎంత పెద్దదో పోల్చుకునే శక్తి మెరుగుపడిందనీ, అంకెల బదులు రంగులున్న గడుల మీద ఆడినవారిలో ఆ ఫలితం కనబడలేదనీ గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఆట అదే, నోటితో అనే మాట ఒక్కటే మారుతుంది, కాబట్టి వాడికి చదువుతున్నట్టు కూడా అనిపించదు.

అమ్మాయికి ఎక్కాలు రావడం లేదని బెంగ పెట్టుకోకు. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం 100 గుణకారాలున్నా, మూడు ఏడులూ ఏడు మూళ్లూ ఒకటేనని తెలిస్తే అవి 55కు తగ్గుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వస్తాయి. అవి తీసేస్తే 36. రెండో ఎక్కం, ఐదో ఎక్కం కూడా వచ్చేస్తే కొత్తగా నేర్చుకోవలసినవి 21 మాత్రమే. ఈ 21నీ చీటీల మీద రాసి, వచ్చినవాటిని ఒక డబ్బాలో, రానివాటిని మరో డబ్బాలో వేయమను. రానివి రోజూ, వచ్చినవి నాలుగైదు రోజులకోసారి అడుగు. మరిచిపోతే జవాబు అందించకుండా, తెలిసినదాని నుంచి కట్టుకు రమ్మను: ఏడెనిమిదులు గుర్తు రాకపోతే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. వల్లె వేయించడం తప్పని నేననను, అది ఈ అవగాహన తరువాత రావాలంటాను.

అమ్మాయికి ఇంకొక పరీక్ష పెట్టి చూడు. 8 + 4 = ▢ + 5 అని రాసి, గడిలో ఏం రావాలో అడుగు. 12 అన్నా, 17 అన్నా, సమానం గుర్తుకు "ఇప్పుడు జవాబు రాయి" అని అర్థం చేసుకుందని తెలుసుకో. ఆ గుర్తుకు రెండు వైపులా ఉన్నవి ఒకే విలువ కావాలని తెలియకపోతే పై తరగతుల్లో బీజగణితం మింగుడు పడదు. రెండు పళ్లేల్లో అటు ఎనిమిది, నాలుగు గింజలు, ఇటు ఐదు గింజలు పెట్టి, రెండూ సమానం కావాలంటే ఇటు ఎన్ని వెయ్యాలని అడిగితే ఏడు అని తనే చెబుతుంది. భిన్నాల విషయంలోనూ అంతే: ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీల్లో ఒకదాన్ని మూడు మడతలుగా, ఇంకొకదాన్ని నాలుగు మడతలుగా మడిచి ఒక్కొక్క మడత పక్కపక్కన పెడితే, నాలుగు పెద్దదైనా నాలుగో వంతు ఎందుకు చిన్నదో కళ్లకు కనబడుతుంది.

ఇక చదవడం. అమ్మాయి గడగడా చదవడమే చిక్కు. కళ్లు పరుగెడుతున్నాయి గానీ మనసు వెంట రావడం లేదు. రోజూ ఒక పేజీ చాలు, ఒక పేరా నువ్వు, ఒక పేరా తను. పేరా అయిన వెంటనే పుస్తకం మూసి, అందులోని సంగతి సొంత మాటల్లో రెండు వాక్యాల్లో చెప్పమను. నీ వంతు వచ్చినప్పుడు నువ్వూ చెప్పు, అప్పుడది పరీక్షలా ఉండదు. "ఎవరు, ఎక్కడ" అనే ప్రశ్నలకు జవాబు పేజీలో దొరుకుతుంది గనక వాటి మీద ఎక్కువసేపు ఉండకు. "వాడు అలా ఎందుకు చేశాడనుకుంటున్నావు? ఏ వాక్యం చూస్తే నీకలా అనిపించింది?" అనే రెండు ప్రశ్నలూ జంటగా అడుగు. రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి తను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతుంది, అర్థం పట్టుబడేది అలా చదివినప్పుడే. కథలే కాక, కాగితంతో పడవ చేసే విధానం వంటివి కూడా చదివించి, చదివినట్టుగా చేయించు.

చిన్నవాడికి ముందు చెవి తయారు కావాలి. "పడు, పాడు", "కొన, కోన", "గడి, గడ్డి" వంటి జంటలు పలికి, తేడా ఎక్కడుందో చెప్పమను. దీర్ఘాలూ వత్తులూ రాతలో జారిపోయే పిల్లలు చాలావరకు ఆ తేడాను చెవితో పట్టనివాళ్లే. "పుస్తకం" అని చప్పట్లు కొట్టమంటే వాడు "పుస్, త, కం" అని విరుస్తాడు, కానీ రాసేటప్పుడు స కింద త వత్తు చేరి "స్త" ఒక్క అక్షరమవుతుంది. నోటికీ రాతకూ ఉన్న ఈ తేడా చెప్పకుండా వత్తులు వందసార్లు రాయించినా లాభం లేదు. నడిచేటప్పుడు మాటల గొలుసు ఆడండి, చివరి అక్షరంతో కొత్త మాట మొదలవ్వాలి: పలక, కలువ, వరుస, సరుకు, కుదురు, రుమాలు. "సరుకు" తరువాత "కలం" అంటే ఒప్పుకోకూడదు, "కు"తోనే రావాలి. గుణింతాల సాధన అందులోనే జరిగిపోతుంది. ధ, థ, ణ వంటివి మాత్రం చాలామంది నోట స్పష్టంగా వినబడవు, వాటిని చదివి చూసి గుర్తుపెట్టుకోవలసిందే, తొందర పెట్టకు.

రాతకు పని ఉండాలి. అక్క చేత ఇద్దరికీ నచ్చిన ఆట నియమాలు కాగితం మీద రాయించి, తమ్ముణ్ణి అక్షరాలా రాసినట్టే ఆడమను. "పాచిక వెయ్యాలి" అని ఉండి, ముందెవరు వెయ్యాలో లేకపోతే వాడు కదలకుండా కూర్చుంటాడు. అక్క పోట్లాడి, తిరిగి రాస్తుంది. దిద్దేటప్పుడు కాగితమంతా ఎర్ర గీతలు పెట్టకు, ఒకరోజు దీర్ఘాలు మాత్రమే, మరో రోజు వత్తులు మాత్రమే చూడు.

ఫోనులోని లెక్కల యాప్‌లు జవాబు తప్పని చెబుతాయే గానీ, 35 ఎలా వచ్చిందో వాటిలో చాలావాటికి అక్కర్లేదు. కాబట్టి వాటిని వచ్చిన లెక్కల సాధనకు పరిమితం చెయ్యి. రోజుకు లెక్కలకు పదిహేను నిమిషాలు, చదువుకు పదిహేను నిమిషాలు, అదీ అలసిపోయి లేనప్పుడు. కొన్ని నెలలు చేసినా అక్షరాలు తారుమారవుతూనే ఉంటే ముందు చూపూ వినికిడీ పరీక్ష చేయించి, ఆ తరువాత టీచరుతో మాట్లాడు.

పుల్లల కట్టలతో ఈ వారమే మొదలుపెట్టు. 52లోంచి 27 తీసేటప్పుడు వాడు ఏమన్నాడో, నువ్వు సర్దకుండా వాడి మాటల్లోనే రాసి పంపు. తరువాత ఏం చెయ్యాలో అది చూసి చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య