అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరూ లేకపోతే స్పీకరే ఎందుకు?

అమెరికాలో ఆ ఇద్దరూ లేనప్పుడు బాధ్యత విదేశాంగ మంత్రికి కాకుండా స్పీకర్‌కు ఎందుకు వెళుతుందని అడిగారు. పౌరసత్వ పరీక్షకు చదువుతున్నప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది. నేను చదివిన 100 ప్రశ్నల జాబితాలో దీనికి జవాబు "ప్రతినిధుల సభ స్పీకర్". బట్టీ పట్టాను, అధికారి అడిగారు, గట్టెక్కాను. తర్వాత తీరిగ్గా చరిత్ర చదివితే తెలిసింది, 1886 నుంచి 1947 మధ్య ఎవరైనా ఆ జవాబు చెబితే తప్పయ్యేదని.

రాజ్యాంగం ఉపాధ్యక్షుడి దాకా చెప్పి, ఆపై వరుసను కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, వదిలేసింది. 1792 చట్టం ఎగువ సభ అయిన సెనేట్ తాత్కాలిక అధ్యక్షుణ్ణి ముందు, స్పీకర్‌ను ఆ తర్వాత పెట్టింది. కాగితం మీద బాగానే ఉంది. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ తూటా గాయంతో చనిపోయి ఉపాధ్యక్షుడు ఆర్థర్ అధ్యక్షుడైనప్పుడు చూస్తే ఆ రెండు కుర్చీలూ ఖాళీ! 1885లో ఉపాధ్యక్షుడు హెండ్రిక్స్ మరణించినప్పుడూ అదే పరిస్థితి. దాంతో 1886లో సభాధిపతులిద్దరినీ తీసేసి, విదేశాంగ మంత్రి మొదలుకొని మంత్రులను వరుసలో నిలబెట్టారు.

దాన్ని తిరగేయించింది అధ్యక్షుడు ట్రూమన్. ఉపాధ్యక్ష పదవి మధ్యలో ఖాళీ అయితే భర్తీ చేసే దారి 1967లో 25వ సవరణ వచ్చేదాకా లేదు. 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణంతో ఉపాధ్యక్షుడు ట్రూమన్ ఆ పదవిలోకి వెళ్లారు, ఆయన పాత కుర్చీ అలాగే ఉండిపోయింది. తన తర్వాత రావాల్సింది తాను నియమించిన మంత్రే. అధ్యక్షుడు తన వారసుణ్ణి తానే ఎంచుకోవడం ప్రజాస్వామ్యానికి తగదని, ప్రజలు ఎన్నుకున్న స్పీకర్ ముందుండాలని ఆయన పట్టుబట్టారు. 1947 చట్టం అలా వచ్చింది.

నా మటుకు నాకు 1886 పద్ధతే నయమనిపిస్తుంది. స్పీకర్ ఎదుటి పార్టీ వారైతే ఒక్క మరణంతో అధికారం చేతులు మారిపోతుంది. 1973 అక్టోబరులో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ రాజీనామా చేశాక, డిసెంబరులో కొత్త ఉపాధ్యక్షుడిగా ఫోర్డ్ వచ్చేవరకు, రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ వెనుక నిలబడింది డెమోక్రాట్ స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్.

అప్పటి విదేశాంగ మంత్రి కిసింజర్ జర్మనీలో పుట్టారు. అధ్యక్షుడు కావాలంటే జన్మతః పౌరుడై ఉండాలి; ఆయన కాదు గనుక, వంతు అంతదాకా వచ్చినా ఆయన్ను దాటి తర్వాతి మంత్రికి వెళ్లేది. నేను పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చిన రోజు "ఇక నువ్వూ ప్రెసిడెంట్ కావచ్చా నాన్నా?" అని మా అబ్బాయి అడిగితే ఈ కిసింజర్ సంగతే చెప్పాను.